తెరుచుకోని పేజీ

మా రేడియోలో జనం అన్నిటికన్నా శ్రద్ధగా వినేది పాటలు కాదు, వార్తలు కాదు, చావు కబుర్లు. ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకి, సాయంత్రం ఏడింటికి చదువుతాం. ఫలానా ఊళ్ళో ఫలానా ఆయన పోయారు, రేపు పదింటికి పూడుస్తున్నారు, రాజధాని లిలాంగ్వేలో ఉన్న కూతురికీ జొహానెస్‌బర్గ్‌లో ఉన్న పెద్దకొడుక్కీ తెలియజేయడమైనది అని. ఆ కాసేపూ మా ఊరు బ్లాంటైర్‌లో మినీబస్సుల్లో కూడా మాటలు ఆగిపోతాయి. అయితే దక్షిణాఫ్రికాలో పని చేసుకునే మావాళ్ళకి మా రేడియో అందదు. వాళ్ళ కోసం ఆ కబుర్లను వెబ్‌సైట్‌లో పెట్టడం మొదలుపెట్టాం. అది నా పనే. నా పేరు లాక్సన్ నమలోంబ. పదహారేళ్ళు ఆ రేడియోలో సాంకేతిక విభాగానికి పెద్దగా ఉన్నాను. పెద్దనంటే, నా కింద పనిచేసేది ఒక్కరే.

ఆ ఒక్కరూ తియమికే లికోస్వే. జోంబా యూనివర్సిటీలో చదువు ముగించి నేరుగా మా దగ్గర చేరింది. ఇరవై ఆరేళ్ళుంటాయి. మాట తక్కువ. నన్ను ‘బాంబో’ అని పిలిచేది. తండ్రి వయసు వాళ్ళను అలాగే పిలుస్తాం కాబట్టి అందులో ప్రత్యేకమేమీ లేదు. కానీ ఆ పిలుపులో ఆ అమ్మాయికి నిజమైన గౌరవం ఉందని నాకు తెలుసు. అందుకే ఇది చెప్పడం నాకు కష్టంగా ఉంది.

మా వెబ్‌సైట్ మొదట్లో ఇంకో వంద వెబ్‌సైట్లతో కలిసి ఒకే మెషిన్ మీద ఉండేది. ఒకే వాకిట్లో వంద కుటుంబాలకి ఒకటే కొళాయి ఉంటే ఎలా ఉంటుందో అలా ఉండేది పరిస్థితి. పేజీ తెరుచుకునేసరికి టీ చల్లారిపోయేది. దాన్ని మార్చాలని మా డైరెక్టర్ కచింగ్వే మేడమ్ నిర్ణయించారు. ఆమె పూర్వం హెడ్‌మిస్ట్రెస్. ఏ కాగితం చేతికొచ్చినా పెన్సిల్ పట్టుకుని చదివేవారు. రెండు దారులున్నాయి, ఏది మంచిదో చెప్పమని మా ఇద్దర్నీ అడిగారు. మొదటిది, ఒక సర్వర్‌ను మొత్తం మన ఒక్కరికే అద్దెకు తీసుకోవడం. ఏడాదికోసారి కడితే ఆ మెషిన్ పూర్తిగా మనది, వేరేవాళ్ళు వేలు పెట్టరు. రెండోది క్లౌడ్. అక్కడ మనకంటూ ఒక మెషిన్ ఉండదు. జనం పెరిగితే మెషిన్లు వాటంతటవే పెరుగుతాయి, తగ్గితే తగ్గుతాయి. వాడుకున్నంతకే బిల్లు.

తియమికే మూడు పేజీలు రాసుకొచ్చింది. మామూలు రోజుల్లో మన పేజీ చూసేవాళ్ళు తక్కువే, కానీ బస్సు బోల్తా పడిన రోజునో, పెద్ద దొర పోయిన రోజునో పదింతలవుతారు, ఆ రోజులకి క్లౌడే సరైనదని రాసింది. గీతలు గీసి లెక్కలు చూపించింది. చదువుతుంటేనే ఆమె చెప్పింది సరైనదేనేమో అనిపించింది నాకు. అయినా నేను సర్వర్ వైపే మాట్లాడాను.

ఎందుకో చెప్పాలంటే అంతకు రెండేళ్ళ ముందు సంగతి చెప్పాలి. క్లౌడ్ పని నేర్చుకోమని మేడమ్ నన్ను మూడు వారాలు నైరోబీ పంపించారు. చివర్లో పరీక్ష పెట్టారు, తప్పాను. మళ్ళీ రాశాను, మళ్ళీ తప్పాను. నా పక్కన కూర్చున్నవాళ్ళంతా నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాళ్ళు. తిరిగొచ్చాక మేడమ్ వరండాలో ఎదురై ఎలా జరిగిందని అడిగారు. బాగా జరిగిందన్నాను. కోర్సు బాగా జరిగిందనే నా ఉద్దేశమని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. ఆమె అది పాసయ్యానని అర్థం చేసుకుని సోమవారం మీటింగులో అందరికీ చెప్పేశారు. చప్పట్లు కొట్టారు. లేచి, కాదండీ అని ఒక్క మాట అంటే అయిపోయేది. నేను లేచి, అందరికీ కృతజ్ఞతలు చెప్పి కూర్చున్నాను. ఆ రోజు నుంచి మా రేడియోలో క్లౌడ్ తెలిసిన మనిషిని నేనే.

క్లౌడ్ తీసుకుంటే అది నడపాల్సింది నేను. నాకు రాదని వారంలో తెలిసిపోతుంది. నా భయమల్లా అదే.

మీటింగులో మాత్రం వేరే చెప్పాను. క్లౌడ్ బిల్లు డాలర్లలో వస్తుందన్నాను. బ్యాంకులో డాలర్లు దొరకని నెలలు ఎన్నున్నాయో మీకు తెలుసన్నాను. ఒక రోజు జనం విరుచుకుపడితే ఆ నెల బిల్లు ఎంతొస్తుందో ముందుగా చెప్పలేమన్నాను. సర్వర్ అయితే ఏడాది అద్దె కట్టేసి నిశ్చింతగా ఉండొచ్చన్నాను. ఇవన్నీ నిజాలే. ఇప్పటికీ నిజాలే. నేను చెప్పిన ప్రతి కారణమూ నిజం, కానీ వాటిలో ఒక్కటీ నా కారణం కాదు.

అంతటితో ఆగినా బాగుండేది. అందర్నీ నవ్వించాలనిపించింది.

“మా అమ్మాయి సైటుని మబ్బుల్లో పెడతానంటోంది. మన ఊళ్ళో మబ్బులు నవంబర్లో వచ్చి ఏప్రిల్లో పోతాయి. మే నుంచి చావు కబుర్లు ఎక్కడ చదువుకోవాలో కూడా కాగితంలో రాసిందేమో చూడండి” అన్నాను.

అకౌంటెంట్ బల్ల మీద చెయ్యి చరిచి మరీ నవ్వాడు. వార్తలు చదివేవాళ్ళు నవ్వారు. తియమికే కూడా మర్యాద కోసం నవ్వింది. తర్వాత ఆ మూడు పేజీలూ మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

ఒక్కటి మాత్రం అడిగింది. “బాంబో చెప్పినట్టు సర్వరే తీసుకుందాం మేడమ్. కాకపోతే కబుర్ల పేజీ ఒక్కదానికి క్లౌడ్‌లో కాపీ ఒకటి ఉంచుకుందాం. ఉన్నట్టుండి జనం పెరిగిన రోజున అటు తిప్పుకోవచ్చు. వాడనంతకాలం బిల్లు ఉండీ లేనట్టే ఉంటుంది.”

మేడమ్ పెన్సిల్ ఆపి నా వైపు చూశారు. రెండు చోట్ల పెడితే రెండు చోట్లా కాపలా కాయాలి, ఉన్నదాన్ని సరిగ్గా చూసుకుంటే చాలునని చెప్పాను. ఆమె ఏదో రాసుకున్నారు. సర్వర్ ఖాయమైంది.

రెండేళ్ళు అది బాగానే నడిచింది. అబద్ధం చెప్పి కట్టిన ఇల్లు కూడా వాన రానంతవరకు నిలబడే ఉంటుందని నాకు అప్పుడు తోచలేదు. నేను గెలిచాననే అనుకున్నాను. వచ్చినవాళ్ళకల్లా, ఈ మెషిన్ మన ఒక్కరిదే తెలుసా అని చెప్పుకున్నాను.

మూడో ఏడాది మార్చిలో తుపాను వచ్చింది. నాలుగు రోజులు వదలకుండా కురిసింది. రెండో రోజు తెల్లారేసరికి సోచే కొండ మీది బురద జారి కింది ఇళ్ళను ఊడ్చుకుపోయింది. కొండ కింది చిలోబ్వేలో వీధులకు వీధులే లేకుండా పోయాయి. బతికి బయటపడ్డవాళ్ళని స్కూళ్ళలో ఉంచారు. ఏ స్కూల్లో ఎవరున్నారో రాసి పంపమని వాలంటీర్లను పెట్టాం. పేర్లు వేలల్లో వచ్చాయి. అన్నీ రేడియోలో చదవడం మనుషుల వల్ల అయ్యే పని కాదు. జాబితా మొత్తం వెబ్‌సైట్‌లో పెట్టాం, అక్కడ చూసుకోండని గంటగంటకీ చెప్పాం.

సోమవారం ఉదయం తొమ్మిదింటికి పేజీ ఆగిపోయింది.

మా సర్వర్ ఒకేసారి కొన్ని వందలమందికి జవాబివ్వగలదు. ఆ ఉదయం ఒక గంటలో అరవై వేలమంది వచ్చారు. ఎక్కువమంది దక్షిణాఫ్రికా నుంచే. ఇంట్లోవాళ్ళ ఫోన్లు మోగక, ఇంకో దారి లేక, అందరూ ఆ ఒక్క పేజీ మీద పడ్డారు. సర్వర్‌ను ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. రెండు నిమిషాలు నడిచి పడిపోయింది. మళ్ళీ అంతే. మెషిన్ అద్దెకిచ్చినవాళ్ళకి ఫోన్ చేసి మెమరీ పెంచమన్నాను. దానికి మనిషి వెళ్ళి పెట్టె విప్పాలి, ఆ మనిషి ఉండే వైపు వంతెన కొట్టుకుపోయింది, రెండు రోజులు పడుతుందన్నారు.

పదింటికి తియమికే వచ్చింది. “బాంబో, జాబితా ఒక్కటి క్లౌడ్‌లో పెట్టేస్తాను. రెండు గంటల్లో అయిపోతుంది. మీరు ఊఁ అనండి చాలు” అంది.

ఆగమన్నాను. ఇది సర్దుకుంటుందన్నాను. పన్నెండింటికి మళ్ళీ అడిగింది, మళ్ళీ ఆగమన్నాను. మూడింటికి మళ్ళీ వచ్చింది. ఆ మూడోసారి నన్ను బాంబో అనలేదు, సార్ అంది. నేను తలెత్తకుండానే, చెప్పాను కదా అన్నాను.

ఆ రోజు నేనేమనుకున్నానో చాలాసార్లు గుర్తు చేసుకున్నాను. జనం చస్తే చావనీ అనుకోలేదు. ఇంకో పది నిమిషాల్లో సర్వర్ లేస్తుంది, అప్పుడు ఇవేవీ అక్కర్లేదు అనుకున్నాను. ప్రతి పది నిమిషాలకీ అదే అనుకున్నాను. ఆమె పెట్టిన పేజీ పనిచేస్తే రెండేళ్ళనాటి మీటింగు అందరికీ గుర్తొస్తుందన్న ఆలోచన వాటన్నిటి కిందా ఉంది. దాన్ని పైకి రానివ్వలేదు.

నాలుగింటికి మేడమ్ వచ్చారు. బూట్ల నిండా బురద. ఏం జరిగిందని అడిగారు. గదిలో ఎనిమిదిమంది ఉన్నారు.

“జాబితాతో పాటు తియమికే ఫోటోలు కూడా పెట్టింది మేడమ్. బరువెక్కువై పడిపోయింది” అన్నాను.

ఆ ఉదయం ఏడింటికి వాలంటీర్లు పంపిన కాగితాల ఫోటోలు నిజంగానే పెట్టింది. ఇరవై నిమిషాల్లో తనే తీసేసింది. అప్పటికి పేజీ చక్కగా నడుస్తోంది. అది నాకు తెలుసు.

మేడమ్ ఆమె వైపు తిరిగి, ఇలాంటి రోజున ఫోటోలేంటమ్మా, ఆ మాత్రం తెలియదా అన్నారు. తియమికే నా వైపు చూసింది. నేను కంప్యూటర్ వైపు చూశాను. అందులో చూడ్డానికేమీ లేదు.

“తీసేశాను మేడమ్” అంది.

మర్నాడు మధ్యాహ్నం దాకా అలాగే గడిచింది. చివరికి మేడమే, ఇంకే దారీ లేదా అని గదిలో అందర్నీ కలిపి అడిగారు. ఉందని తియమికే చెప్పింది. నన్ను అడగకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది. గంటా నలభై నిమిషాల్లో జాబితా తెరుచుకుంది, మళ్ళీ ఆగలేదు. మొత్తం ఇరవై తొమ్మిది గంటలు ఆ పేర్లు ఎవరికీ కనిపించకుండా ఉన్నాయి.

నెలాఖరున తియమికేకి ఒక హెచ్చరిక ఉత్తరం ఇచ్చారు, ఫోటోల విషయమై. మేడమ్ సంతకం కింద విభాగం పెద్దగా నేనూ సంతకం చేయాలి. చేశాను.

ఏప్రిల్ రెండో వారంలో ఒకాయన నా కోసం వచ్చాడు. పేరు వెలోస్ చిసుంఖా. జొహానెస్‌బర్గ్‌లో ఒక దుకాణానికి కాపలా మనిషి. నున్నటి గుండు మీద అప్పుడప్పుడే జుట్టు మొలుస్తోంది. వెబ్‌సైట్ పెద్దాయన ఎవరని గేటు దగ్గర అడిగితే నా గది చూపించారట. కూర్చోమంటే కూర్చోలేదు. రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని కృతజ్ఞత చెప్పాడు. వాళ్ళమ్మ బురదలో పోయింది. ఆమె దగ్గర పెరుగుతున్న అతని తొమ్మిదేళ్ళ కూతురు యాంఖో బతికింది. ఒక ప్రైమరీ స్కూల్లో ఉందని మా జాబితా వల్లే తెలిసిందట.

“మొదట్లో మీ పేజీ తెరుచుకోలేదన్నా. నా ఫోన్ పాతది, అందుకే అనుకున్నాను. పక్కగది వాళ్ళ ఫోన్ అడిగి చూశాను, అదీ అంతే. నొక్కీ నొక్కీ నేనే పాడు చేశానేమోనని భయపడ్డాను కూడా” అని నవ్వాడు.

ఆ పేజీ తెరుచుకోని రోజే, ఇల్లు మొత్తం పోయిందని ఎవరో బంధువు ఫోన్ చేసి చెప్పాడట. అక్కడే తల్లికీ కూతురికీ కలిపి సంతాపం జరిపారు. తోటివాళ్ళు చందాలు వేశారు, చర్చివాళ్ళు వచ్చి పాడారు. ఆ సాయంత్రమే ఇద్దరి కోసమూ గుండు చేయించుకున్నాడు. సెలవివ్వకపోతే ఉద్యోగం వదిలేసి బస్సెక్కాడు. సరిహద్దు దగ్గర ఎవరో ఫోన్లో జాబితా చూస్తుంటే, అందులో రెండువందల పన్నెండో పేరు తన కూతురిది. తొమ్మిది గంటలకి ముందే పెట్టిన పేజీలో ఉంది ఆ పేరు. నేను వెంటనే లెక్కేసుకున్నాను. అతను గుండు చేయించుకున్న సాయంత్రానికి ఆ పేరు పెట్టి ఎనిమిది గంటలు దాటింది.

అతనికి నేనేం చెప్పానంటే, పరవాలేదు, అది మా పనే కదా అన్నాను. గేటు దాకా వెళ్ళి సాగనంపాను. తిరిగొచ్చి నా గదిలో కూర్చుంటే తియమికే ఏదో కాగితం తెచ్చింది. అది తీసుకుంటూ ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

నాలుగు రోజులు ఆగాను. ఆదివారం చర్చికి వెళ్ళకుండా చిలోబ్వే వెళ్ళాను. వెలోస్ తన చెల్లెలి ఇంటి దగ్గర ఇటుకలు పోస్తున్నాడు. మోకాళ్ళ దాకా మట్టి. యాంఖో పక్కన కూర్చుని, ఆరిన ఇటుకల మీద గడ్డి కప్పుతోంది. పాపని లోపలికి పంపమని అడిగి, అతనికి అంతా చెప్పాను. పేజీ ఎందుకు ఆగిందో, రెండు గంటల్లో తెరిచే దారి ఉండి కూడా ఎవరు వద్దన్నారో, ఎందుకు వద్దన్నారో. నైరోబీ పరీక్ష సంగతి కూడా చెప్పాను.

అతను ఇటుక అచ్చు చేతిలో పట్టుకునే నిలబడ్డాడు. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను.

“బతికున్న పిల్ల కోసం గుండు చేయించుకున్నాను. ఎవరి కోసమని పాప రోజూ అడుగుతోంది. నానమ్మ కోసం అని చెప్తున్నాను” అన్నాడు. అచ్చు కింద పెట్టి, “ఇది మీ ఆఫీసులో చెప్పారా?” అని అడిగాడు.

లేదన్నాను.

“మరి నా దగ్గరికెందుకొచ్చారు? నాకు చెప్తే మీకేం పోదు. వెళ్ళి అక్కడ చెప్పండి” అన్నాడు. ఈసారి ‘అన్నా’ అని పిలవలేదు. వంగి మట్టి కలపడం మొదలుపెట్టాడు. నేను వచ్చేశాను.

మర్నాడు ఉదయం మేడమ్ గదికి వెళ్ళాను. ఆమె పెన్సిల్ తీశారు, రెండు మాటలయ్యాక పక్కన పెట్టేశారు. నేను ముగించేదాకా అడ్డం రాలేదు. ఆమె కోప్పడతారని సిద్ధపడి వెళ్ళాను. ఆమె ఒక్కటే అడిగారు. “ఆ పిల్లకి ఉత్తరం ఇచ్చిన రోజున నేను నీ మొహం చూసి సంతకం పెట్టాను లాక్సన్. ఇప్పుడు నా మొహం నేనెక్కడ పెట్టుకోవాలి?”



ఉత్తరాన్ని ఆమె నా ఎదుటే ఫైల్లోంచి తీసి చించారు. సంగతంతా ఆ రోజు సోమవారం మీటింగులో నేనే లేచి చెప్పాలన్నారు. చెప్పాను. పదిహేడుమంది ఉన్నారు. మధ్యలో రెండుసార్లు ఆగాను. ఎవరూ సాయం రాలేదు, ఎవరూ తిట్టలేదు. అకౌంటెంట్ బల్ల చెక్క మీది గీతల్ని వేలితో తడుముతున్నాడు. నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు, విభాగం పెద్ద పదవి మాత్రం తీసేశారు. అది తియమికేకి ఇచ్చారు.

మీటింగు తర్వాత ఆమెతో విడిగా మాట్లాడాలని వెళ్ళాను. క్షమించమన్నాను.

“పరీక్ష సంగతి నాకు ఎప్పుడో తెలుసు. నేనూ ఆ పరీక్ష రాద్దామని మీ సలహా అడగబోతూ, పాసైనవాళ్ళ పేర్లు ఆ పరీక్ష పెట్టేవాళ్ళ సైట్లో చూశాను. మీ పేరు లేదు” అంది.

మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను.

“మీరే చెప్తారనుకున్నాను. పరీక్ష తప్పడం నేరమేం కాదు కదా. నాలుగు గంటలకి మేడమ్ వచ్చిన రోజున కూడా మీరే చెప్తారని చూశాను” అంది. కాగితాలు సర్దుకుంటూ, “ఉత్తరం కింద మీ సంతకం చూశాక వేరే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. లిలాంగ్వే నుంచి రమ్మన్నారు. ఆగస్టులో వెళ్తాను” అంది.

మేడమ్ ఎంత బతిమాలినా ఆమె మనసు మార్చుకోలేదు. వెళ్ళేలోపు చేయాల్సింది చేసి వెళ్ళింది. చావు కబుర్లనూ జాబితాలనూ క్లౌడ్‌కి మార్చింది. రేడియో ప్రసారం వినిపించే భాగాన్ని మాత్రం పాత సర్వర్ మీదే ఉంచింది. దాన్ని వినేవాళ్ళు రోజూ ఒకే లెక్కన ఉంటారు, అక్కడ సర్వరే చవక, ఆ సంగతి లాక్సన్ గారు రెండేళ్ళ క్రితమే సరిగ్గా చెప్పారు అని మేడమ్‌కిచ్చిన కాగితంలో రాసింది. ఆ కాగితం చదివినప్పుడు నాకు కలిగిన సిగ్గు, పదిహేడుమంది ముందు నిలబడ్డప్పుడు కూడా కలగలేదు.

జూన్, జూలై నెలల్లో రోజూ గంటసేపు నాకు క్లౌడ్ పని నేర్పింది. తెలియనిచోట తెలియలేదని చెప్పడం నేను అప్పుడు మొదలుపెట్టాను. మొదటిసారి ఆ మాట అనడానికి నోరు రాలేదు. ఆమె మళ్ళీ చెప్పింది. విసుక్కోలేదు. నవ్వనూ లేదు. ఒక్కోదాన్ని నాలుగుసార్లు చెప్పించుకున్న రోజులున్నాయి. నన్ను మాత్రం మళ్ళీ బాంబో అని పిలవలేదు. లాక్సన్ గారూ అనేది. పదవి పోయినందుకు నాకు బాధ లేదు. ఆ పిలుపు పోయినందుకుంది.

ఆఖరి రోజున అందరితో చేతులు కలిపి వీడ్కోలు చెప్పింది. నా దగ్గరికి వచ్చినప్పుడు, “వానలు మొదలవకముందే ఒకసారి జనం ఎక్కువగా వచ్చినట్టు చేసి పరీక్షించి చూడండి. నవంబరు రానివ్వకండి” అంది. ఇంకేమైనా అంటుందేమోనని చూశాను. సంచి భుజానికి తగిలించుకుని మినీబస్సు వైపు నడిచింది.

అక్టోబరులోనే పరీక్షించాను. మొదటిసారి పని చేయలేదు. ఎక్కడ తప్పో నాకు తెలియలేదు. రెండు రోజులు కుస్తీ పట్టి, మేడమ్ దగ్గరికెళ్ళి నాకు తెలియడం లేదని చెప్పి, ఆమె ఎదురుగానే తియమికేకి ఫోన్ చేశాను. ఫోన్ తీసింది. తప్పెక్కడుందో చెప్పింది. సరిచేశాక పేజీ తెరుచుకుంది.